వాన చూడని సంపు

"ఈ గదిలో ఏసీ ఎక్కడుందో చెప్పండి చూద్దాం," అన్నాడు బిల్డరు, చిన్నపిల్లలకి పొడుపుకథ వేసినట్టు.

"నేను ఏసీ వెతకడానికి రాలేదండి. మీ ఇంజినీరు ఎలా పోయాడో తెలుసుకుందామని వచ్చాను."

ఆ మాటన్నవాణ్ణి జలగ అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉండగా తోటివాళ్లు తగిలించిన పేరది, పట్టుకున్నది వదలడని. తర్వాత ఉద్యోగం పోయింది గాని పేరు పోలేదు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా ఆ పేరు మీదే నాలుగు మెతుకులు తింటున్నాడు.

బిల్డరు నొచ్చుకోలేదు. మాటకి నొచ్చుకునే మనిషైతే ఆరంతస్తుల మేడ కట్టగలిగేవాడు కాడు. "ఏసీ లేదు," అని పొడుపు తనే విప్పేశాడు. "గోడల్లో బోలు ఇటుకలు, కిటికీలకి రెండు పొరల అద్దం, పైన గాలి గోపురం. వేడి దానంతటదే పైకి పోతుంది. మామూలు బిల్డింగుకి అయ్యే కరెంటులో మాకు మూడోవంతు చాలు. కట్టేటప్పుడు నూటికి పది ఎక్కువవుతుంది, నిజమే. ఆ పది నాలుగైదేళ్లలో కరెంటు బిల్లులోంచే తిరిగొస్తుంది. ఆ తర్వాతంతా మిగులే. బీద దేశాలకి ఇంతకన్నా దారి లేదండి. ఉన్న డబ్బంతా కరెంటుకే పోస్తే ఆసుపత్రులు ఎప్పుడు కడతాం, బడులు ఎప్పుడు కడతాం?"

"మరి మీకెందుకండీ అంత చెమట పడుతోంది?"

బిల్డరు చేతిరుమాలు మెడ దగ్గరే ఆగిపోయింది. గదిలో ఉక్కగా ఉంది. జలగ మెట్లెక్కి వస్తున్నప్పుడే చూశాడు. అన్ని అంతస్తుల్లోనూ ఉద్యోగులు అట్టలతో విసురుకుంటున్నారు. 'దయచేసి తెరవొద్దు' అని అంటించిన కిటికీలన్నీ బార్లా తెరుచుకుని ఉన్నాయి.

"ఇంట్లో మనిషిలాంటివాడు పోయాడు. మనసు బాగాలేదు," అన్నాడు బిల్డరు.

"ఆరంతస్తుల్లోనూ అందరికీ బాగాలేదన్నమాట. ఎప్పట్నించి?"

"మంగళవారం నుంచి పంపు రిపేరులో ఉంది. గోడల్లో నీళ్లు తిరిగితేనే చల్లదనం."

"ఇంజినీరు పోయిందీ మంగళవారమేగా."

సోఫాలో కూర్చున్న ఇన్‌స్పెక్టరు కాఫీ కప్పు చప్పుడయ్యేలా కింద పెట్టాడు. "గురువుగారూ, మీరు చావు సంగతి చూడ్డానికొచ్చారా, బిల్డింగ్ బేరం చేయడానికొచ్చారా?"

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు జలగ చేతికింద పని నేర్చుకున్నవాడే. ఆ రోజుల్లో ఆ పిలుపులో నిజంగా గౌరవం ఉండేది. తర్వాత జలగ మీద విచారణ జరిగినప్పుడు అవతలి పక్షాన సాక్ష్యం చెప్పి, దాంతోపాటే ప్రమోషనూ తెచ్చుకున్నాడు. పిలుపు మాత్రం మార్చలేదు. అది విన్నప్పుడల్లా జలగకి ఒళ్లు మండుతుంది.

"సరే, చావు సంగతే చెప్పు," అన్నాడు జలగ.

"చెప్పడానికేముంది? మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన నీళ్ల సంపులో మట్టం చూద్దామని మూత ఎత్తాడు. మందు మీద ఉన్నాడు. జారి లోపల పడ్డాడు. సాయంత్రం సైట్ మేనేజరు చూసి మాకు ఫోన్ చేశాడు."

"మందు మీద ఉన్నాడని ఎవరన్నారు?"

"వాసనొచ్చింది," అన్నాడు బిల్డరు. "అందరికీ వచ్చింది."

"సాయంత్రందాకా నీళ్లలో నానిన మనిషి దగ్గర కూడా వాసనొచ్చిందంటే మంచి సరుకే అయ్యుండాలి. ఆ సైట్ మేనేజరు ఎక్కడ?"

"సెలవు పెట్టాడు. పాపం, జడుసుకున్నాడు."

"ముఖం కూడా ఎర్రగా ఉంది గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తాగినవాడి ముఖం అలాగే ఉంటుంది. పోస్ట్‌మార్టంలో ఊపిరితిత్తుల నిండా నీళ్లు. ఇంకేం కావాలి? సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నా. తాగిన మైకంలో జారిపడి మృతి."

ఆ ఒక్క వాక్యం కోసమే ఇంజినీరు భార్య జలగని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె బళ్లో లెక్కలు చెప్పే టీచరు. డబ్బు సంగతి ఎత్తలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "ఆయన మందు వాసన కూడా ఎరగడు అన్నయ్యా," అంది. "నీళ్లలో పోయినవాళ్లు పాలిపోతారంటారు కదా. ఆయన ముఖం ఎర్రగా ఉంది, ఇప్పుడే నవ్వి ఆపినట్టు. ఎలా పోయాడో నిజం చెప్పండి, చాలు. కూతురు కాలేజీలో ఉంది. తాగుబోతు కూతురన్న మాట దాని మెడకి కట్టి నేను బతకలేను." ఇప్పుడామె కింద రిసెప్షన్‌లో కూర్చుని ఉంది. సాయంత్రానికి ఇంకా ఎంతో వ్యవధి లేదు.

జలగ లేచాడు. "సంపు చూపించు."

సంపు సెల్లారు పక్కన, నేల కింద ఉంది. చనిపోయినవాడి ఫోన్ దొరుకుతుందేమోనని పోలీసులే నీళ్లన్నీ తోడించారు. ఫోన్ దొరకలేదు. జలగ ముందు సంపులోకి దిగలేదు. పైన వాన నీళ్లు వచ్చి పడే ఫిల్టరు గుంట దగ్గర గొంతుక్కూర్చుని, గులకరాళ్లు నాలుగు చేతిలోకి తీసుకున్నాడు.

"రెండు వానాకాలాలు గడిచాయి కదా ఈ బిల్డింగ్ కట్టి," అన్నాడు.

"అయితే?"

"డాబా మీద దుమ్ము, ఎండుటాకులు, కాకుల రెట్టలు అన్నీ ఈ రాళ్లలోనే ఆగాలి. ఇవి చూడు, దుకాణంలోంచి తెచ్చినట్టున్నాయి."

"కడిగించుంటారు."

"పంపు బాగు చేయించడానికి తీరిక లేనివాళ్లు గులకరాళ్లు కడిగించారా?"

జలగ నిచ్చెన మీద కిందికి దిగాడు. ఇష్టం లేకపోయినా వెనకే ఇన్‌స్పెక్టరూ దిగాడు. జలగని ఒంటరిగా వదిలితే ఏం పట్టుకొస్తాడో అతనికి బాగా తెలుసు.

లోపల మామూలు గదంత ఎత్తుంది. జలగ టార్చి వేసి గోడల్ని మెల్లగా చూసుకుంటూ వచ్చాడు. ఎన్నాళ్లు నీళ్లు నిలిచిన సంపైనా గోడ మీద గీతలు పెడుతుంది. వానాకాలంలో ఒక గీత, ఎండాకాలంలో మరొకటి. మూలల్లో పాచి ఉంటుంది, అడుగున ఒండ్రు ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. కొత్తకాపురానికి సిద్ధం చేసిన గదిలా ఉంది. వింతేమిటంటే, గోడలు సిమెంటు రంగులోనే ఉన్నాయి గాని పైకప్పు మాత్రం తెల్లగా మెరిసిపోతోంది.

"నీకు తెలిసినవాళ్లెవరైనా సంపు లోపల సున్నం వేయించారా?" అన్నాడు జలగ. "పోనీ వేశారనుకో, గోడలు వదిలేసి కప్పుకి మాత్రమే వేస్తారా?"

జేబులోంచి తాళంచెవి తీసి కప్పు మీద గీశాడు. తెల్ల పొర కింద నల్లగా మసి కనబడింది. వేలికి అంటుకున్న మసిని ఇన్‌స్పెక్టరు ముక్కు దగ్గర పెట్టాడు. అది డీజిలు మసి. వాసన చూడకుండా తల తిప్పుకోవడానికి ఇన్‌స్పెక్టరుకి కుదరలేదు.

తర్వాత నేల చూశాడు. గది నడుమ నాలుగు చోట్ల, మంచం కోళ్లంత దూరంలో, లావుపాటి బోల్టులు నేలమట్టానికి కోసేసి ఉన్నాయి. కోత మీద పట్టిన తుప్పు ఇంకా ముదరలేదు. సెల్లారు వైపు గోడలో తలుపంత మేర కొత్త ప్లాస్టరింగు ఉంది. ఆ భాగానికి అవతల సెల్లారులో గోడ చెమర్చి ఉండటం దిగేముందే జలగ చూసుకున్నాడు. హడావుడిగా కట్టిన గోడ నీళ్లని ఆపలేకపోయింది.

"ఇది సంపు కాదు," అన్నాడు జలగ. "జనరేటరు గది. రెండేళ్లూ చల్లదనమంతా దీని చలవే. డీజిలు మీద ఏసీ నడిస్తే కరెంటు మీటరుకి ఏం తెలుస్తుంది? మీటరు చూసి బ్యాంకువాళ్లు ముచ్చటపడ్డారు. ఇలాంటివే నలభై కట్టుకోమని చవక వడ్డీకి అప్పిచ్చారు. చప్పుడేమిటని అడిగినవాళ్లకి పంపు మోటార్లని చెప్పారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే."

"గాల్లో మేడలు కడుతున్నారు గురువుగారూ."

"కట్టింది నేను కాదులే, పైన చెమట తుడుచుకుంటున్నాడు చూడు, ఆయన."

"సరే, జనరేటరే ఉందనుకుందాం. చీటింగ్ కేసవుతుంది, మన పని కాదు. మనిషి మాత్రం నీళ్లలోనే పోయాడు. డాక్టరు రాసింది అబద్ధమా?"

"అబద్ధం కాదు. నాకు భయం వేస్తోంది అందుకే." జలగ గొంతు తగ్గించాడు. "పొగగొట్టం అతుకు ఎక్కడో విడి ఉంటుంది. మూసిన గదిలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ గ్యాసు నిండితే వాసన తెలీదు, కంటికి కనబడదు. తల బరువెక్కి నిద్రొస్తుంది, అంతే. అది పీల్చినవాడి ముఖం ఎర్రగా అవుతుంది. ఇంజినీరు భోజనాలయ్యాక కాదు, తెల్లవారకముందే ఇంట్లోంచి వచ్చేశాడని భార్య చెప్పింది. ఆ తలుపులోంచి లోపలికొచ్చి ఇక్కడ పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళితే, ఎక్కడ పడ్డాడని మొదటి ప్రశ్న వస్తుంది. అందుకని వాళ్లు ముందు మెషీను తీసేశారు. బోల్టులు కోశారు, మసి మీద సున్నం కొట్టారు, తలుపు మూసి గోడ కట్టారు. తర్వాత ట్యాంకర్లు తెప్పించి నీళ్లు వదిలారు. నువ్వేమో మనిషి నీళ్లలో పడ్డాడంటున్నావు. నీళ్లొచ్చేసరికే మనిషి ఇక్కడున్నాడు."

ఇన్‌స్పెక్టరు కోసేసిన బోల్టు మీంచి బూటు పక్కకి జరిపాడు.

"చచ్చినవాడి ఊపిరితిత్తుల్లోకి అన్ని నీళ్లు పోవు," అన్నాడు జలగ. "వాళ్లు సున్నం కొడుతున్నంతసేపూ అతను ఊపిరి తీస్తూనే ఉన్నాడు. డాక్టరు ఆ సంగతే రాశాడు. నువ్వు చదివావు, సంతకం పెట్టావు."

"పైనుంచి ఫోనొచ్చింది. త్వరగా మూసేయమన్నారు. నాకూ పిల్లలున్నారు గురువుగారూ."

"నా మీద సాక్ష్యం చెప్పినప్పుడూ ఇదే మాటన్నావు. ఈ ఉద్యోగం పిల్లలు లేనివాళ్లకే ఇవ్వాలి."

అతను తల వంచుకున్నాడు. ఒకప్పటి శిష్యుణ్ణి అలా చూస్తే జలగకి సంతోషం కలగాల్సింది. కలగలేదు. కంచే చేను మేస్తే కంచె మీద కోపం వస్తుంది గాని, ఆ కంచె నాటింది తనే అయినప్పుడు కోపంలో సగం తన మీదికే తిరుగుతుంది.

మళ్లీ పైకి వెళ్లేసరికి బిల్డరు గదిలో ఇంజినీరు భార్య కూర్చుని ఉంది. ఆమె ముందు ఒక కాగితం, కాగితం మీద పెన్ను. బిల్డరు గొంతు తేనె పూసుకుని వినబడుతోంది.

"ఆ తాగుడు మాట తీసేయిస్తానమ్మా. విధి నిర్వహణలో ప్రమాదమని రాయిద్దాం. ఆయన పేరు మీద ఏటేటా ఒక అవార్డు పెడతాం. అమ్మాయి చదువంతా కంపెనీదే. మీరు చేయాల్సిందల్లా అనుమానాలేమీ లేవని ఒక సంతకం."

"సంతకం పెట్టకమ్మా," అన్నాడు జలగ గుమ్మంలోంచే. కూర్చోకుండానే, కింద చూసిందంతా చెప్పాడు. నీళ్లు వదిలేటప్పటికి మనిషి బతికున్నాడన్న మాట ఒక్కటీ దాచేద్దామనుకున్నాడు. అయినా చెప్పాడు, ఆమె అడిగింది నిజమే కాబట్టి. ఆమె ఏడవలేదు. పెన్ను తీసి, మూత పెట్టి, పక్కన పెట్టింది.

బిల్డరు గొంతులో తేనె ఇంకిపోయింది. "బాగుంది. ఇది కూడా చెప్పండి మీ చెల్లెలికి. రెండేళ్లూ మీటరు లెక్కల కింద సంతకాలెవరివి? ఆ గదికి వాన నీళ్ల సంపు అని ప్లానులో పేరు పెట్టిందెవరు? మొగుడు గారే. కేసు పెట్టుకోండి. తాగుబోతు భార్యగా ఉండేదానివి, దొంగ భార్యవవుతావు. అంతకన్నా ఒరిగేదేమీ లేదు."

జలగ ఆమె వైపు చూడలేకపోయాడు. ఇంత తవ్వి తను ఆమె చేతిలో పెట్టింది ఇదా అనిపించింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నాకు తెలుసు," అంది ఆమె.

గదిలో ఉన్న మగవాళ్లు ముగ్గురూ ఆమెనే చూశారు.

"ఆయన నమ్మింది అబద్ధం కాదన్నయ్యా," అంది జలగతో. "మా ఇంటి డాబాకి తెల్లరంగు వేశాడు, పడమటి గోడకి నీడ కట్టాడు. ఆ ఎండాకాలం కరెంటు బిల్లు సగానికి దిగింది. ఆ బిల్లు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాడు, పరీక్ష పాసైన పిల్లాడిలాగ. ఇక్కడ కూడా ఆయన గీసింది గీసినట్టు కట్టుంటే నిజంగానే మిగిలేది. వీళ్లు బోలు ఇటుకలు ముందు గోడకి మాత్రం పెట్టారు. అద్దం ఒక్క పొరే వేశారు. ఎందుకంటే కట్టి అమ్ముకునేవాడు ఒకడు, బిల్లు కట్టుకునేవాడు ఇంకొకడు. నాలుగేళ్ల తర్వాత వచ్చే మిగులు కోసం ఈయన ఎందుకు ఖర్చు పెడతాడు? ఆయన గొడవ పడితే, ఈ ఒక్కదాన్నీ గట్టెక్కించు, అప్పు రాగానే మిగతా నలభై నువ్వు చెప్పినట్టే కడదామన్నారు. ఒక్క అబద్ధంతో నలభై నిజాలొస్తాయనుకున్నాడు నా పిచ్చి మొగుడు."

ముందున్న కాగితాన్ని బిల్డరు వైపు తోసేసింది. "మిగతావి కూడా ఇలాగే కడుతున్నారని మొన్న సోమవారమే తెలిసింది ఆయనకి. అన్నం తినలేదు. వెళ్లి ఆ మెషీను ఫోటో తీసి బ్యాంకుకి పంపెయ్, జైలుకెళితే వెళదాం అన్నది నేనే. దొంగ భార్యననే అననీ. దొంగతనం ఒప్పుకోడానికి వెళ్లి చచ్చిపోయిన దొంగ. నా కూతురికి ఆ మాట నేను చెప్పుకోగలను."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫైలు సంగతి అతనేమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా ఇక లేదని జలగకి అర్థమైంది.

ఆమె మాత్రం బిల్డరునే చూస్తోంది. "ఒక్క మాట చెప్పండి. ఆ మెషీను ఇప్పుడెక్కడుంది?"

బిల్డరు నీళ్లు నమిలాడు. "అవన్నీ సైట్ మేనేజరు చూసుకుంటాడు. నాకేం తెలుసు?"

జలగ కింద చూసినవన్నీ మనసులో మళ్లీ తిరగేశాడు. బోల్టులు చూశాడు, మసి చూశాడు, తుప్పు ఎంత పాతదో కూడా చూశాడు. ఆ మెషీను ఎక్కడికి పోయిందని మాత్రం అతనికి తట్టలేదు. ఇన్నేళ్ల అనుభవం ఎందుకు ఏడవనా అని తనని తాను తిట్టుకున్నాడు. మనిషిని పడగొట్టిన మెషీను అది. పొగగొట్టం అతుకు విడిన మెషీను. ఇక్కడ అక్కర్లేకుండా పోయిందంటే ఇంకెక్కడో అక్కరపడి ఉండాలి.

"ఆయన గీసినవాటిలో ఆఖరున పూర్తయింది పిల్లల ఆసుపత్రి," అందామె. అప్పటికే ఫోన్ తీసి నంబరు నొక్కుతోంది. "నిన్ననే తెరిచారు. అక్కడ కూడా మొదటి రోజు నుంచే బ్యాంకువాళ్లు మీటరు చూస్తారని చెప్పాడు."

"సైలెన్సరు మార్పించమన్నాను," అన్నాడు బిల్డరు. తనేం ఒప్పుకున్నాడో మాట బయటికొచ్చాక తెలిసింది. "మార్చే ఉంటాడు. మార్చమని గట్టిగా చెప్పాను వాడికి."

ఇన్‌స్పెక్టరు అతని చొక్కా పట్టుకున్నాడు. జలగ ఊరుకోమని చెయ్యెత్తాడు. ఫోన్ అవతల ఎత్తారు. ఆమె స్పీకరు పెట్టింది.

"సిస్టర్, నేను ఇంజినీరుగారి భార్యని."

"అయ్యో అమ్మా, విన్నానమ్మా," అంది అవతలి గొంతు. కాస్త మగతగా ఉంది. "దేవుడిలాంటి మనిషి. నిన్న వార్డు తెరిచినప్పుడు అందరం ఆయన్నే తలుచుకున్నాం."

"వాన నీళ్ల సంపు ఎక్కడుంది సిస్టర్ మీకు?"

"మా వార్డు కిందేనమ్మా. పొద్దున్నుంచీ పంపు ఒకటే చప్పుడు. గది మాత్రం ఎంత చల్లగా ఉందో. కిటికీలు కూడా తియ్యక్కర్లేదు."

"పిల్లలెలా ఉన్నారు?" ఆమె లేచి నిలబడింది. జలగ అప్పటికే ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్ సెట్టు లాక్కుని గుమ్మం దగ్గరున్నాడు.

"బంగారాలమ్మా. నాకే కొంచెం తలపోటుగా ఉంది గాని, పిల్లలకేం? పొద్దున పాలు పట్టించాను. అప్పట్నుంచి పన్నెండు మందిలో ఒక్కరు కూడా ఏడవలేదు. అందరూ ఒకటే నిద్ర."